బోరు పంపు గాలి లాగకుండా నీళ్లు పోయాలంటే: ఊట కొలవడం నుంచి స్లీవు బిగించడం దాకా

మోటారు వేసిన తర్వాత పది నిమిషాలు పైపు నిండుగా పోసి, ఆపైన బుస్సుమని గాలి కొడుతూ ఆగి ఆగి పోస్తోంది, ఏం చేయాలి అని కల్యాణదుర్గం, రాయదుర్గం వైపు నుంచీ, పులివెందుల, పత్తికొండ వైపు నుంచీ రైతులు అడుగుతూనే ఉన్నారు. వారిలో చాలామంది ఆ ప్రశ్న అడిగేనాటికే మోటారు ఒకసారి కాల్చుకుని, వైండింగు (మోటారు లోపలి తీగ చుట్టు) చేయించుకుని, మరో వంద అడుగులు కిందికి దించి, అయినా ఫలితం కనిపించక ఉన్నవారు. అందుకే ఏది ముందు చేయాలో, ఏది ఆ తర్వాత చేయాలో వరుసగా రాస్తున్నాను.

బోరు లోపల మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ పంపు నీటిని గిరగిర తిప్పి, ఆ వేగంతోనే పైకి నెట్టే యంత్రం. గాలి నీటికంటే ఎన్నో వందల రెట్లు తేలిక కాబట్టి తిరిగే ఇంపెల్లరు (రెక్కల చక్రం) నడుమ చిక్కుకుని అక్కడే ఉండిపోతుంది. పంపులోకి వచ్చే నీటిలో నూటికి రెండు మూడు వంతులు గాలి కలిసినా పోత తగ్గుతుంది. పది వంతుల దాకా పోతే మామూలు పంపు నీటిని ఎత్తడమే మానేస్తుంది. అప్పుడు మోటారు చుట్టూ నీటి కదలిక ఆగిపోతుంది, చల్లదనం అందదు, వైండింగు కాలిపోతుంది. కాబట్టి మన పని పంపును బలపరచడం కాదు, గాలిని పంపు దాకా రానివ్వకపోవడం.

1. అది గాలేనా అని ముందు తేల్చుకోండి

పోత తగ్గిన ప్రతిసారీ గాలే కారణం కాదు. మోటారు ఎత్తే ఖర్చు పెట్టుకునే ముందు ఈ పరీక్షలు చేయండి.

డెలివరీ పైపు (నీళ్లు బయటికి పోసే పైపు) దగ్గర ఒక గాజు గ్లాసు నిండా నీళ్లు పట్టి గట్టు మీద పెట్టి చూడండి. నీళ్లు పాలలా తెల్లగా ఉండి, అడుగు నుంచి పైకి తేటపడుతూ వస్తే అది గాలి, ఎందుకంటే బుడగలు పైకి పోతాయి. పై నుంచి కిందికి తేటపడి అడుగున మడ్డి చేరితే అది ఒండ్రు. ఈ రెంటినీ కంటితో చూసి ఒకటే అనుకునేవారు ఎక్కువ, కానీ మందు వేరు.

తర్వాత స్టార్టరు మీద ఉన్న ఆంప్స్ మీటరును పది నిమిషాలు గమనించండి.

- ముల్లు పడిపోతూ లేస్తూ ఊగుతుంటే పంపు గాలి లాగుతోంది.
- ముల్లు నిలకడగా ఉండి పోత మాత్రమే తక్కువగా ఉంటే ఇంపెల్లర్లు అరిగి ఉండవచ్చు, లేదా కాలమ్ పైపుకు (పంపు నుంచి నీళ్లు పైకి తెచ్చే పైపు) చిల్లి పడి ఉండవచ్చు. చిల్లి ఉంటే బోరు మూతి దగ్గర చెవి పెట్టినప్పుడు లోపల నీళ్లు చిమ్ముతున్న చప్పుడు వినిపిస్తుంది.
- లైను పని చేసినప్పటి నుంచో, ట్రాన్స్‌ఫార్మరు మార్చినప్పటి నుంచో పోత తగ్గితే ఫేజులు తారుమారై మోటారు వెనక్కి తిరుగుతూ ఉండవచ్చు. స్టార్టరు దగ్గర ఏవైనా రెండు ఫేజుల వైర్లు మార్పించి చూడండి.
- మోటారు వేయగానే మొదటి నిమిషం మాత్రమే గాలి కొట్టి తర్వాత మామూలుగా పోస్తే, ఆగి ఉన్నప్పుడు పైపులోని నీళ్లు ఎన్‌ఆర్‌వి (నీళ్లు వెనక్కి దిగకుండా ఆపే వాల్వు) గుండా బోరులోకి దిగిపోతున్నాయని అర్థం. ఎన్‌ఆర్‌వి మార్చాలి తప్ప బోరుకు ఏ లోపమూ లేదు.

2. కొలతకు కావలసినవి

- 200 లీటర్ల డ్రమ్ము ఒకటి, సెకన్లు చూపే గడియారం లేదా ఫోను
- సన్నటి రెండు తీగల వైరు, పది అడుగులకొక ముడి గుర్తు వేసినది, చివర బరువుకు ఇనుప నట్టు
- మల్టీమీటరు లేదా బ్యాటరీ సెల్లుతో వెలిగే చిన్న బల్బు
- రాసుకోవడానికి నోటు పుస్తకం

వైరు చివర రెండు తీగలను ఒకదానికొకటి తగలకుండా కాస్త ఒలిచి వదలాలి. ఆ చివర నీటిని తాకగానే మీటరు ముల్లు కదులుతుంది. చిన్న బల్బు మాత్రం మసకగా వెలగవచ్చు, అసలు వెలగకపోవచ్చు కూడా, అందుకని మీటరే మేలు. ఈ పనికి ఇంటి కరెంటును ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు.

కాలమ్ పైపు, కేబులు ఉన్న బోరులో వైరు చుట్టుకునే ప్రమాదం ఉంది. ఈసారి మోటారు ఎత్తినప్పుడు కాలమ్ పైపు పక్కనే పంపు దాకా ఒక అర అంగుళం పైపును కూడా కట్టి దించితే, ఆ పైపులో నుంచి ఎప్పుడంటే అప్పుడు మట్టం కొలుచుకోవచ్చు. దీనికయ్యే ఖర్చు ఒక్క వైండింగు ఖర్చు కంటే చాలా తక్కువ.

3. నిలకడ మట్టం చూడటం

రాత్రంతా మోటారు ఆగి ఉన్న తర్వాత, తెల్లవారి కరెంటు రాకముందే మట్టం కొలవండి. ఏప్రిల్, మే నెలల్లో తీసిన కొలతే లెక్కలోకి వస్తుంది. ఏడాదికి 550 మి.మీ. చుట్టుపక్కల వాన పడే అనంతపురం నేలలో, తుపాను వానలు పడిన నవంబరులో కొలిచి పంపు ఎంచుకుంటే వేసవిలో మళ్లీ మొదటికే వస్తారు.

4. ఊట కొలవడం

ఈ మొత్తం పనిలో అసలైన మెట్టు ఇదే. దీన్ని దాటవేసి ముందుకు పోయినవారే మోటార్లు కాల్చుకుంటున్నారు. నేనూ మొదట అలాగే చేశాను. మా చీనీ (బత్తాయి) తోటలోని బోరు ఆగి ఆగి పోస్తుంటే మోటారు శక్తి చాలడం లేదనుకుని, ఐదు హెచ్‌పీది తీసి ఏడున్నర హెచ్‌పీది దించాను. అంతకుముందు పదిహేను నిమిషాలు పోసే బోరు ఎనిమిది నిమిషాలకే గాలి కొట్టసాగింది. నలభై రోజులకు మోటారు పైకి తీస్తే వైండింగు నల్లగా మాడి ఉంది, స్టేజీల్లోని (పంపులో ఒకదానిపై ఒకటి పేర్చిన అరల్లోని) ప్లాస్టిక్ ఇంపెల్లర్లు వేడికి మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. చెట్లకు నీళ్లు ఆగిన ఆ వారం రోజులు నాకు ఇప్పటికీ గుర్తే.

కొలిచే పద్ధతి ఇది.

మోటారు వేసి, డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో రాసుకోండి. 60 సెకన్లలో నిండితే సెకనుకు 3.3 లీటర్లు. ప్రతి రెండు నిమిషాలకు మళ్లీ పట్టి చూడండి. గాలి మొదలైన నిమిషాన్ని రాసుకుని, వెంటనే మోటారు ఆపండి. ఆపిన క్షణం నుంచి మట్టం ఎంత వేగంగా పైకి వస్తోందో మొదటి ఐదు నిమిషాలు కొలవండి. నీళ్లు బాగా కిందికి దిగినప్పుడే ఊట గరిష్ఠంగా ఉంటుంది, మట్టం లేచేకొద్దీ తగ్గుతుంది, కాబట్టి ఆ మొదటి ఐదు నిమిషాలే ముఖ్యం. ఎన్‌ఆర్‌వి కారుతుంటే పైపులోని నీళ్లు కూడా వచ్చి కలిసి లెక్క తప్పుతుంది, దాన్ని ముందే సరిచేయాలి.

ఆరున్నర అంగుళాల బోరులో అడుగు లోతుకు ఆరున్నర లీటర్ల నీళ్లు పడతాయి. రెండు అంగుళాల కాలమ్ పైపు ఆక్రమించే చోటు తీసేస్తే దాదాపు ఐదున్నర లీటర్లు. ఐదు నిమిషాల్లో మట్టం 60 అడుగులు లేచిందనుకుందాం. అంటే 330 లీటర్లు, సెకనుకు 1.1 లీటరు. మీ బోరు ఊట అదే.

ఇప్పుడు ఈ బోరులో 3.3 లీటర్లు తోడే పంపు ఉంటే ఏమవుతుందో చూడండి. నిలకడ మట్టానికీ పంపుకూ మధ్య 200 అడుగుల నీళ్లుంటే, నిల్వ 1,100 లీటర్లు. సెకనుకు వచ్చేది 1.1, పోయేది 3.3, తరుగు 2.2 లీటర్లు. 500 సెకన్లలో, అంటే ఎనిమిది నిమిషాల చిల్లరలో నిల్వ అయిపోతుంది. ఆ తర్వాత పంపు తోడగలిగినదానిలో మూడో వంతే నీళ్లు అందుతాయి, మిగతా చోటికి గాలి చొరబడుతుంది. ఇందులో మోటారు తప్పు ఏమీ లేదు.

తొమ్మిది గంటల పగటి కరెంటులో ఈ బోరు ఇవ్వగలిగింది గరిష్ఠంగా 35 వేల లీటర్ల పైచిలుకు, దానికి తోడు పొద్దున ఉన్న నిల్వ. ఎంత పెద్ద మోటారు పెట్టినా అంతకు మించి ఒక్క బిందె కూడా రాదు.

5. జలలు ఎక్కడ పడ్డాయో తెలుసుకోవడం

అనంతపురం వైపు గట్టి గ్రానైటు, కడప, కర్నూలు వైపు చాలాచోట్ల సున్నపురాయి, పలక రాయి. ఏ రాయిలోనైనా నీళ్లు వచ్చేది పగుళ్ల నుంచే, ఆ ఊటనే జల అంటాం. బోరు వేసిన రోజు ఏ లోతులో జల తగిలిందో రాసి పెట్టుకుని ఉంటే ఇప్పుడు అది బంగారం. రాసి లేకపోతే, మోటారు ఎత్తి ఉన్నప్పుడు మధ్యాహ్నపు ఎండను అద్దంతో బోరులోకి కొట్టి చూస్తే పైభాగంలో జల కారడం కొంతమేర కనిపిస్తుంది. లోతు బోర్లకు కెమెరా దించేవారు ఉన్నారు, వారిని పిలిపించడం మంచిది.

ఈ సమాచారం ఎందుకంటే, పంపును కిందికి దించితే నీళ్లు పెరుగుతాయా లేదా అన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది. పంపు కింద ఇంకా జల ఉంటే, దించడం వల్ల మట్టం మరింత కిందికి దిగి ఊట పెరిగే అవకాశం ఉంది. అన్ని జలలూ పంపుకు పైనే ఉంటే, మట్టం వాటి కిందికి దిగిన తర్వాత ఊట ఇక పెరగదు. అప్పుడు వంద అడుగులు దించితే దక్కేది 550 లీటర్ల నిల్వ మాత్రమే, అదీ రోజుకు ఒకసారి.

మరొక చిక్కు కూడా ఉంది. పైనున్న జల నుంచి నీళ్లు వంద అడుగుల కిందికి జలపాతంలా పడితే, పడిన చోట గాలిని తమతో పాటు నీటిలోకి దింపుతాయి. పంపు మునిగే ఉన్నా గాలి లాగడానికి ఇది ఒక కారణం. దీనికి మందు ఎనిమిదో మెట్టులో ఉంది.

6. గేటువాల్వుతో సర్దుబాటు

ఖర్చు లేని మొదటి ప్రయత్నం ఇది. డెలివరీ దగ్గర గేటువాల్వును పావు చుట్టు మూసి, పదిహేను నిమిషాలు ఆగి, గాలి వస్తోందో లేదో చూడండి. వస్తుంటే మరో పావు చుట్టు. గాలి ఆగిన చోట వాల్వు మీద రంగుతో గుర్తు పెట్టండి. ప్రతిసారీ ఆంప్స్ చూడండి. మోటారు పలక మీద రాసిన ఆంప్స్‌ను దాటితే వెంటనే తెరవాలి.

వాల్వును ఎంతైనా నొక్కవచ్చునని అనుకోవద్దు. మామూలు పోతలో మూడో వంతు కంటే తక్కువకు తగ్గించి నడిపితే పంపులోని నీళ్లు వేడెక్కుతాయి, బేరింగుల మీద భారం పడుతుంది, కరెంటు వృథా అవుతుంది. నాలుగో మెట్టులో లెక్క వేసిన బోరు సరిగ్గా ఈ హద్దు మీదే ఉంది, కాబట్టి దానికి పంపు మార్చడమే సరి.

7. ఊటకు తగిన పంపు

పంపు పోత ఊటలో నూటికి 80 నుంచి 85 వంతులు ఉండాలి. 1.1 లీటరు ఊటకు 0.9 లీటరు పంపు. నీళ్లు 330 అడుగుల నుంచి, అంటే దాదాపు 100 మీటర్ల నుంచి లేవాలనుకుందాం. పైపుల రాపిడికీ డ్రిప్పు ఒత్తిడికీ మరో 20 మీటర్లు వేసుకుంటే 120 మీటర్ల ఎత్తు. దీనికి 3 హెచ్‌పీ వి4 (నాలుగు అంగుళాల బోరులో పట్టే సన్న రకం) పంపు చాలు. ఎక్కువ స్టేజీలు, తక్కువ పోత ఉన్నది అడగాలి.

దుకాణంలో హెచ్‌పీ, అంగుళాల లెక్క మాత్రమే చెప్పి కొనకండి. 120 మీటర్ల ఎత్తులో సెకనుకు ఎన్ని లీటర్లు పోస్తుందో చూపే పట్టికను అడిగి, వేలు పెట్టి చూసుకుని తీసుకోండి. పట్టిక చూపించని చోట కొనకపోవడమే మేలు.

పొద్దున ఏడున్నర హెచ్‌పీ జోరు చూసిన కంటికి ఈ పంపు పోత పలచగా కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు కూడా పెదవి విరుస్తారు. సాయంత్రానికి డ్రిప్పు కింద తడిసిన చెట్లను లెక్క పెట్టండి. తొమ్మిది గంటల్లో 29 వేల లీటర్లు, మధ్యలో ఒక్కసారీ ఆగకుండా.

8. గాలిని విడదీసే స్లీవు

చమురు బావుల్లో రాడ్డు పంపులు (రాడ్డు పైకీ కిందికీ ఆడుతూ తోడేవి) నడిపేవారికీ ఇదే తిప్పలు. అక్కడ చమురుతో పాటు సహజవాయువు వచ్చి పంపులో చేరి, వాల్వులు తెరుచుకోకుండా చేస్తుంది. వారు పంపు నోటిని వాయువు వచ్చే పొరలకంటే కిందకు పెట్టి, చమురును ముందు కిందికి దిగేలా చేస్తారు. చమురు దిగుతుంది, వాయువు తేలిపోయి పక్క ఖాళీ గుండా పైకి పోతుంది. మన బోరుకూ ఈ ఉపాయం పనిచేస్తుంది.

నీళ్లు లోపలికి లాగే పంపు జల్లెడ పంపుకూ మోటారుకూ మధ్యలో ఉంటుంది. జల్లెడకు కాస్త పైనుంచి మోటారు కింద రెండు అడుగుల దాకా వచ్చేలా ఒక పీవీసీ గొట్టాన్ని తొడగాలి. గొట్టం పై మూతి రబ్బరు, క్లాంపులతో గాలి చొరకుండా బిగించాలి, కింది మూతి తెరిచి ఉండాలి. అప్పుడు నీళ్లు గొట్టం బయటి నుంచి కిందికి దిగి, లోపలి నుంచి మోటారును తాకుతూ పైకి ఎక్కి జల్లెడను చేరతాయి. దిగే దారిలో బుడగలు విడిపోతాయి, మోటారుకు చల్లదనం కూడా అందుతుంది.

బుడగ నీటిలో సెకనుకు దాదాపు 15 సెం.మీ. పైకి పోతుంది. దిగే నీటి వేగం అంతకంటే తక్కువ ఉంటేనే అది తప్పించుకుంటుంది. ఆరున్నర అంగుళాల బోరులో 125 మి.మీ. గొట్టం తొడిగితే, 0.9 లీటరు పోతకు నీళ్లు సెకనుకు 10 సెం.మీ. వేగంతో దిగుతాయి, పని జరుగుతుంది. 2 లీటర్లకు వేగం 22 సెం.మీ. అవుతుంది, బుడగలు నీటితో పాటే పంపులోకి పోతాయి. అంటే ఈ కొలతల స్లీవు 1.3 లీటర్ల లోపు పోసే వి4 పంపులకే. వి6 (ఆరు అంగుళాల రకం) మోటారు ఉన్న ఆరున్నర అంగుళాల బోరులో స్లీవుకు చోటే ఉండదు, బలవంతంగా తొడిగితే బోరులో ఇరుక్కుపోతుంది.

9. డ్రై రన్ రిలే

అన్నీ సరిగ్గా చేసినా ఒక చెడ్డ వేసవి వస్తుంది. అందుకే ప్యానెలులో డ్రై రన్ రిలే, అంటే నీళ్లు అందనప్పుడు మోటారును ఆపే పరికరం, ఉండాలి. నిండుగా పోస్తున్నప్పటి ఆంప్స్, గాలి లాగుతున్నప్పటి ఆంప్స్ రెండూ రాసుకుని, రిలేను ఆ రెంటికీ నడుమ అమర్చండి. 8 ఆంప్స్ 5.5కు పడిపోతుంటే, 6.5 దగ్గర పెట్టవచ్చు.

మళ్లీ మొదలయ్యే టైమరును నాలుగో మెట్టులో కొలిచిన లెక్కతో పెట్టాలి, తక్కువలో తక్కువ అరగంట. కరెంటు వచ్చిన వెంటనే మోటారు వేసే ఆటో స్టార్టరు ఉన్నవారికి ఇది మరీ అవసరం. రిలే మాటిమాటికీ ఆపేస్తోందని దాని వైర్లు కలిపేసి నడిపేవారిని చూశాను. అలా ఆపడం రిలే లోపం కాదు, ఊట తగ్గిందని అది చెబుతోంది. మళ్లీ ఊట కొలవండి.

10. మోటారు దించే రోజు చూసుకోవలసినవి

- ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజులు తీసి, మీ మనిషిని అక్కడ నిలబెట్టారా
- బోరు అడుగు నుంచి మోటారు కనీసం 15 అడుగులు పైన ఉందా (స్లీవు ఉంటే దాని కింది మూతి నుంచి లెక్క)
- తోడేటప్పటి మట్టం కంటే జల్లెడ కనీసం 10 అడుగులు కింద ఉందా
- ప్రతి పైపు జాయింటుకూ దారం, సీలు సరిగ్గా ఉన్నాయా
- కేబులును పది అడుగులకొకసారి పైపుకు కట్టారా, బరువు దాని మీద పడకుండా ఉందా
- మట్టం కొలిచే సన్న పైపు కట్టారా
- పని మధ్యలో భోజనానికి వెళ్లినా బోరు మూతి మూసి వెళ్లారా

ఆఖరిది పిల్లల ప్రాణానికి సంబంధించినది, దానికి మినహాయింపు లేదు.

11. పంపు బాగున్నా పొలం పైపుల్లో గాలి

బోరు దగ్గర పైపు విప్పితే నిండుగా పోసి, తోట చివర మాత్రం ఆగి ఆగి వస్తుంటే గాలి పైపు లైనులోని ఎత్తు చోట్ల చేరిందని అర్థం. మిట్టపల్లాల పొలాల్లో లైను మిట్ట ఎక్కిన ప్రతిచోటా ఒక ఎయిర్ వాల్వు పెట్టాలి. ఉన్న వాల్వులో మట్టి చేరి బంతి అతుక్కుపోవడం మామూలే, ఆరు నెలలకొకసారి విప్పి కడగండి.

12. ఊరి చేతి పంపుకు

ఇండియా మార్క్ 2 చేతి పంపు కూడా రాడ్డు పంపే. రాత్రంతా ఆగాక పొద్దున ఇరవై ముప్పై సార్లు కొడితేనే నీళ్లు వస్తే సిలిండరు కింది వాల్వు కారుతోంది. నాలుగు బిందెలు నిండాక పిడి తేలికై గాలి వస్తే మట్టం సిలిండరు దాకా దిగింది. మొదటిదానికి వాల్వు రబ్బరు, కప్పు వాషర్లు మార్చాలి, రెండోదానికి పైపు, రాడ్డు కలిపి సిలిండరును కిందికి దించాలి. దాదాపు 45 మీటర్ల లోతు వరకే ఆ పంపు పనికొస్తుంది.

13. బిగించిన తర్వాత

మొదటి వారం రోజూ, తర్వాత నెలకొకసారి ఈ నాలుగు రాయండి: నిలకడ మట్టం, రెండు గంటలు నడిచాక మట్టం, డ్రమ్ము నిండిన సెకన్లు, ఆంప్స్. రెండు గంటల మట్టం జల్లెడకు 10 అడుగుల దగ్గరకు వచ్చిన నెలలో గేటువాల్వును పావు చుట్టు మూయండి. వానలు పడి మట్టం లేచాక ఆ పావు చుట్టు మళ్లీ తెరవవచ్చు.